గుంటూరు సీమ వంటిల్లు: వృథా, పునర్వినియోగం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల్లో రెండు తరాల కిందటి వంటింటికి చెత్తబుట్ట తెలియదు. బియ్యం కడిగిన నీళ్లు గేదెకు, గేదె పేడ పొయ్యికీ పొలానికీ, పొయ్యిలో బూడిద అంట్లకూ పాదులకూ పోయేవి. ఒకచోట మిగిలింది ఇంకోచోట సరుకయ్యేది. ఈ తిరుగుడు మొత్తానికీ ఇరుసు గేదె. అది పెరట్లోంచి వెళ్లిపోయాకే ఈ ప్రాంతపు ఇళ్లకు ‘తడి చెత్త’ అనే మాట అవసరమైంది. పర్యావరణానికి మేలు చేసే వంటిల్లు పేరుతో ఇప్పుడు చెప్పుకునే కంపోస్టు బుట్ట, మిద్దెతోట, మూడు రంగుల డబ్బాలు, చెత్తబండి అన్నీ ఒక గేదె ఒంటిచేత్తో చేసిన పనిని తలా కొంచెం పంచుకున్న ఏర్పాట్లే.

ఈ వ్యాసంలో గుంటూరు సీమ అంటే 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల విభజనకు ముందున్న గుంటూరు జిల్లా, దాన్ని ఆనుకుని ఉన్న ప్రకాశం జిల్లా. ప్రకాశం కూడా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల తాలూకాలతో ఏర్పడిందే. తూర్పున కృష్ణా కాలువల కింద వరి, లంకల్లో అరటి, పసుపు. పడమట నల్లరేగడిలో పత్తి, మిరప, కంది. ఇంకా పడమరకు పోతే మెట్ట, నీటి కరువు. వంటింటి అలవాట్లూ ఈ మూడు నేలలను బట్టే మారతాయి.

కుడితి తొట్టి

పెరటి గుమ్మం పక్కన రాతి తొట్టో మట్టి గోలెమో ఉండేది. బియ్యం కడుగు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, పులిసిన అన్నం, పాచిపోయిన మజ్జిగ అన్నీ అందులోకే. పాలు పితికే వేళకు అందులో తవుడు, తెలగపిండి, నానబెట్టి రుబ్బిన పత్తిగింజలు కలిపి గేదె ముందు పెట్టేవాళ్లు. పత్తిగింజలు పెడితే వెన్న బాగా పడుతుందని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం. జిన్నింగు మిల్లులో దూది బేళ్లకు పోతుంది, గింజలోంచి నూనె తీస్తారు, ఆ చెక్క మళ్లీ పశువుల దాణాకే వస్తుంది. అంటే కుడితి తొట్టిలో వంటింటి మిగులుతో పాటు పొలం మిగులూ మిల్లు మిగులూ కలిసేవి.

ఈ ఏర్పాటు ఎంత ముదిరిందో తెలియాలంటే ఉలవచారు చూడాలి. ఉలవలు ఉడకబెట్టేది అరకలు లాగే ఎద్దుల కోసం. గుగ్గిళ్లు ఎద్దులకు పెట్టి, ఆ ఉడికిన నీళ్లను చింతపండు పులుపుతో చిక్కగా మరగనిస్తే మనుషులకు చారు. ఎద్దు తినగా మిగిలిన నీళ్లన్నమాట. ఇవాళ అదే చారు హోటళ్లలో మీగడ వేసి ప్రత్యేక వంటకంగా వడ్డిస్తున్నారు. ఉడికిన ఉలవలకు మాత్రం తినే ఎద్దు లేదు.

గంజిలో కొంత గేదెదాకా వెళ్లేది కాదు. మంగళగిరి, చీరాల నేత చీరలకు గంజి పెట్టడానికి పక్కకు తీసేవాళ్లు. వార్చకుండా సరిపడా నీళ్లతో అత్తెసరు పెడితే గంజే మిగలదు, పొయ్యి కూడా త్వరగా దించొచ్చు. గేదెలేని ఇంటికి అత్తెసరే సరైన పద్ధతి.

గేదె ఎందుకు పోయిందంటే ఒక్క కారణం చెప్పలేం. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాయి, ఎద్దులతో పాటే గడ్డివామీ కొట్టమూ పోయాయి. పెరళ్లు ఇళ్ల స్థలాలయ్యాయి. వడ్లమూడిలో 1977లో మొదలైన సంగం డెయిరీ వంటి సహకార పాడి సంస్థలు పల్లె పాలను పట్నానికి చేర్చాయి. ఇంట్లో పాడి లేకపోయినా తెల్లవారేసరికి గుమ్మంలో పాకెట్టు ఉండటం మామూలైంది. పాలు వచ్చే దారి మారినంత సులువుగా కుడితి పోయే దారి మారలేదు.

పాత పద్ధతిని మరీ ఆకాశానికెత్తడమూ సరికాదు. ఆ పొదుపు వెనకున్నది ఆడవాళ్ల నడుం. పిడకలు చరిచింది, కంప మోసింది, బూడిదతో చేతులు చీలేలా అంట్లు తోమింది, పొగలో కళ్లు మండించుకుంది వాళ్లే. వృథా తగ్గాలని చెప్పే ఏ సలహానైనా అది మళ్లీ ఒక్కరి మీదే పడే పనా కాదా అని చూసి తీసుకోవాలి.

ఊరి శివార్లలో ఇప్పటికీ పాడి ఉన్నచోట ఇరుగుపొరుగు కుడితి ఇవ్వడం మంచిదే కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఉల్లిపాయలు ఎక్కువగా తింటే పశువుల రక్తంలో ఎర్రకణాలు విరిగిపోయి రక్తహీనత వస్తుంది. పెళ్లిలో మిగిలిన అన్నమంతా ఒక్కసారిగా పెడితే పొట్టలో ఆమ్లం పెరిగి పశువు ప్రాణం మీదికి వస్తుంది. ఇక తొక్కల్లో క్యారీబ్యాగు ముక్క కలిసిందంటే ఆ కుడితి తీసుకోవడానికి పాలవాళ్లు జంకుతారు, పొట్టలో చేరిన ప్లాస్టిక్కు అరగదు, బయటికీ రాదు.

పొయ్యి

నల్లమల అంచు తప్పిస్తే ఈ మైదానంలో అడవి తక్కువ. కట్టెలకు ఎప్పుడూ కరువే. అందుకే పంట మోళ్లే వంటచెరకు: పత్తికట్టె, మిరపకట్టె, కందికట్టె. ప్రకాశం వైపు సర్కారు తుమ్మ. అక్కడ పొగాకు బ్యారన్లకు కూడా కట్టెలు బోలెడు కావాలి కాబట్టి వంటింటికి కట్టెలు మరీ ప్రియం. పత్తికట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతుంది. నెమ్మదిగా ఉడకాల్సిన వాటికి పిడకలు. పెరట్లో దాలిగుంటలో పిడకల నిప్పు మీద పాలకుండ పెడితే మధ్యాహ్నందాకా సన్నసెగన కాగి పాలు ఎర్రబారేవి, మీగడ అట్టుకట్టేది. పేడ తప్ప వేరే ఇంధనం అక్కర్లేని వంట అది. పొగ సంగతి వేరు.

ఆ పొగ నుంచి బయటపడేయడానికి 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద మహిళల పేర గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కేంద్రం ఉజ్జ్వల పథకం 2016 మే 1న వచ్చింది. 2024 దీపావళి నుంచి రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. గ్యాసొచ్చాక పత్తికట్టెకు వంటింట్లో పని లేకుండా పోయింది, చాలాచోట్ల దాన్ని పొలంలోనే తగలబెడుతున్నారు. వంటింటి పొగ పొలానికి మారిందన్నమాట. కట్టెను యంత్రంతో ముక్కలు చేసి దున్నేస్తే నల్లరేగడికి సేంద్రియ పదార్థం దొరుకుతుంది.

గ్యాసు పొయ్యికి భారతీయ ప్రమాణం కోరే ఉష్ణ సామర్థ్యం కనీసం 68 శాతం. అంటే మంచి పొయ్యి మీద కూడా మూడో వంతు వేడి గాలిలోకి పోతుంది. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకితే పోయేది ఇంకా ఎక్కువ. కందిపప్పును అరగంట ముందు నానబెట్టడం, మూత పెట్టడం, కుక్కర్లో ఒక దాని మీద ఒకటిగా అన్నం, పప్పు, చారుకు కావాల్సిన టమాటా పెట్టేయడం, మసి పట్టిన బర్నరు రంధ్రాలు శుభ్రం చేయడం చిన్న పనులే. 14.2 కిలోల సిలిండరు ఎన్నాళ్లు వస్తుందో క్యాలెండరు మీద రాసుకునే ఇల్లాలికి వీటి ఫలితం రెండు నెలల్లో తేలిపోతుంది.

ఇండక్షన్ పొయ్యి గిన్నెనే నేరుగా వేడి చేస్తుంది కాబట్టి వృథా తక్కువ. అయితే ఇక్కడి తీగల్లో వచ్చే కరెంటులో పెద్ద వాటా ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం లాంటి బొగ్గు కేంద్రాలదే. మిద్దె మీద సౌర ఫలకాలున్న ఇంట్లో పగటి వంటకు ఇండక్షన్ వాడితే లెక్క మారుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. ఎండకు కొదవలేని సీమ ఇది. ఇక్కడి రెంటచింతల ఊరి పేరు ప్రతి వేసవిలోనూ పేపర్లకు ఎక్కేది అందుకే.

తొక్కలు, ఒరుగులు, చద్ది

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లదే. మన దేశపు ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా. ఇందులో తొక్కలు, ఎముకలు వంటి తినని భాగాలూ కలిసే ఉన్నాయి. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే రోజుకు సుమారు 600 గ్రాములు.

తినేదేది, తినరానిదేది అన్న గీత ఎక్కడ గీస్తామన్నదే ఇక్కడి అసలు విషయం. గుంటూరు వంటలో ఆ గీత చాలా అవతల ఉంది. బీరకాయ చెక్కు తీస్తే కాయ కూరకు, పొట్టు పచ్చడికి. సొరకాయ తొక్కుకూ అదే గతి. దోసకాయ గింజలు పప్పులోకి, కొత్తిమీర కాడలు చారులోకి, పనస గింజలు కూరలోకి. అరటి గెల కోశాక బోదె లోపలి దూట కూర, పువ్వు కూర, ఆకు విస్తరి. కొల్లిపర, కొల్లూరు లంకల అరటితోటల దాపున ఉన్న తెనాలి ఇళ్లలో ఈ వంటలు ఇంకా బతికున్నాయి, శుభ్రం చేసే ఓపిక ఉన్న మేరకు. గోంగూర ఆకు పచ్చడికి పోతే ముదిరిన గోగుకాడల నుంచి నార తీసి తాళ్లు పేనేవాళ్లు. నెయ్యి కాచిన గిన్నె అడుగున మిగిలే గసిలో చక్కెర కలిపి పిల్లల చేతిలో పెట్టడం వంటింటి రాజకీయం, వృథా లెక్క రెండూనూ.

రెండో దారి ఎండ. సీజన్లో చవగ్గా దొరికిన కాయను ఎండబెట్టి మిగతా ఏడాదికి దాచడానికి ఈ ప్రాంతంలో కరెంటు అక్కర్లేదు. మామిడి ఒరుగులు, గుమ్మడి వడియాలు, మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన చల్ల మిరపకాయలు, పండుమిరప పచ్చడి, ఆవకాయ, ఉసిరికాయ. వీటన్నిటి సూత్రం ఒకటే: నీటిని తీసేయడమో, ఉప్పూ పులుపూ నూనెతో సూక్ష్మజీవిని కట్టేయడమో. గుంటూరు మిర్చిని వందకు పైగా శీతల గిడ్డంగులు ఏడాది పొడుగునా కాపాడుతున్నాయి, వాటి కరెంటు బిల్లు సంగతి రైతుకూ వ్యాపారికీ తెలుసు. అదే మిర్చిని జాడీలో పెట్టిన పచ్చడి ఏ మీటరూ తిప్పకుండా ఏడాది ఉంటుంది. బియ్యం డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు, పప్పు డబ్బాలో ఎండిన వేపాకు వేసే అలవాటూ ఈ కోవదే. పురుగు పట్టి పారబోసే సరుకును అది తగ్గిస్తుంది.

చద్దన్నం గురించి ఈమధ్య చాలా గొప్పలు వినిపిస్తున్నాయి. కొంచెం విడమరచి చెప్పాలి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మజ్జిగ కలిపి మట్టికుండలో ఉంచితే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా పెరిగి పులుపెక్కుతుంది, ఆ పులుపు చెడు క్రిములను అణచిపెడుతుంది. అదే అన్నాన్ని పొడిగా మే నెల రాత్రంతా బయట వదిలేస్తే జరిగేది వేరు. వేడి చేసినా చావని బీజాలున్న క్రిమి అన్నంలో పెరిగి విషం వదులుతుంది. కాబట్టి పులిహోర కలపాలనుకున్న అన్నాన్ని అదే పూట కలిపేయాలి లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లారి తినాలనుకుంటే నీళ్లలో వేయాలి.

ఫ్రిజ్ వచ్చాక వృథా తగ్గాల్సింది. చాలా ఇళ్లలో అది చెత్తబుట్టకు ముందు ఒక మజిలీ అయింది. మూడు రోజులు గిన్నెలో చల్లబడి, నాలుగో రోజు మనస్సాక్షికి శాంతి కలిగాక కూర బయటికొస్తుంది. పాత కూరలన్నీ ముందు వరసలో కనబడేలా పెట్టడం, మిగిలిన ఇడ్లీని ఉప్మాగానో పులిసిన దోసెల పిండిని పునుగులుగానో మర్నాడే మార్చేయడం తప్ప దీనికి గొప్ప కిటుకేమీ లేదు.

చెత్తబండి

గుంటూరుకు కృష్ణ అవతల, ఇప్పటి తెలంగాణలో ఉన్న సూర్యాపేట పురపాలక సంఘం 2003లో వీధి చెత్తకుండీలు ఎత్తేసి, ఇంటింటికీ తడి, పొడి వేరుచేయించి, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి దేశమంతటా పేరు తెచ్చుకుంది. తర్వాత ఉత్తరాంధ్రలో బొబ్బిలి అదే దారిలో నడిచింది. ఈ రెండు చిన్న పట్టణాల అనుభవం చెప్పేది ఒకటే. చెత్త వేరయ్యేది యార్డులో కాదు, వంటగట్టు దగ్గర.

దేశవ్యాప్త ఘనవ్యర్థాల నియమాలు 2016లో వచ్చాయి. తడి, పొడి, ఇంటి ప్రమాదకర చెత్త అని మూడుగా వేరుచేసి ఇవ్వడం ప్రతి ఇంటి బాధ్యతని అవి చెప్పాయి. రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం కింద పట్టణాల ఇళ్లకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు వచ్చాయి. దాంతోపాటు వచ్చిన రుసుముకు జనం ‘చెత్తపన్ను’ అని పేరుపెట్టి గొడవ చేశారు, 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది. డబ్బాలు మాత్రం ఇళ్లలోనే ఉన్నాయి. కొన్నిట్లో ఇప్పుడు బియ్యం పోసుకుంటున్నారు, వాటికి అంతకన్నా మంచి గతి లేకపోవచ్చు.

కొండవీటి కొండల దాపున చెత్త మండించి 15 మెగావాట్ల విద్యుత్తు తీసే కేంద్రం 2022లో ప్రారంభమైంది. గుంటూరు, విజయవాడ పట్టణాల చెత్త అక్కడికి చేరుతుంది. అక్కడితో సమస్య తీరినట్టేనా అంటే, మండేది పొడి చెత్త. నీళ్లోడే కూరగాయ తొక్కలు, అన్నం కలిస్తే ఆ నీళ్లను ఆవిరి చేయడానికే చాలా వేడి ఖర్చవుతుంది. తిరిగి వాడలేని చెత్తలో కిలోకు 1,500 కిలోకేలరీలు, అంతకు మించి ఉన్నదాన్ని గుట్టపోయకుండా శక్తి తీయడానికే వాడాలని 2016 నియమాలు చెప్పాయి. మండించకుండా గుట్టపోస్తే ఇంకో తలనొప్పి. గాలి ఆడని కుప్పలో కుళ్లిన తిండి మీథేన్ వదులుతుంది. నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 28 రెట్లు వేడి పెంచే వాయువు. ఎటు తిప్పినా తడి చెత్త ఇల్లు దాటకపోవడమే మంచిది.

కంపోస్టు బుట్ట

గేదెకు బదులు బుట్ట. మట్టి గోలెమైనా, అడుగునా పక్కలా బెజ్జాలు పెట్టిన పాత ప్లాస్టిక్ డ్రమ్మైనా, కొబ్బరిపీచు సంచైనా సరే. అడుగున ఎండుటాకులు ఒక జానెడు. ఆపైన రోజూ తొక్కలు, వాటిని కప్పేలా ఎండు సరుకు. తడి తొక్కల్లో నత్రజని, నీరు ఎక్కువ. ఎండుటాకు, ఊక, కొబ్బరిపీచు పొట్టు, చింపిన కాగితాల్లో కర్బనం ఎక్కువ. నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉన్నప్పుడు క్రిములు హాయిగా పనిచేస్తాయి. చేతి లెక్కన ఒక గిన్నెడు తొక్కలకు అంతే గిన్నెడో, ఇంకాస్త ఎక్కువో ఎండు సరుకు. మొదట కాస్త పుల్లమజ్జిగో, పేడ నీళ్లో, పక్కింటి పాత ఎరువో చల్లితే పని ఊపందుకుంటుంది. వారానికోసారి కర్రతో కలపాలి. రెండు మూడు నెలలకు వాన పడ్డ మట్టి వాసన వచ్చే నల్లని పొడి అవుతుంది, వేసిన బరువులో నాలుగోవంతో ఇంకా తక్కువో మిగులుతుంది.

మిర్చి ఆడించే రోజుల్లో ఇంట్లో గుట్టగా మిగిలే ఎండు తొడిమలు మంచి ఎండు సరుకే. ముక్కుకు తుండు చుట్టుకుని వేయాలి.

బుట్ట మాట వినాలంటే దాని వాసన వినాలి. కుళ్లు వాసన వస్తే నీరెక్కువ, గాలి తక్కువ, ఊకో కాగితమో వేసి కలపాలి. చీమలు పట్టాయంటే ఎండిపోతోందని అర్థం, నీళ్లు చిలకరించాలి. తెల్లటి లావు పురుగులు కనిపిస్తే కంగారు పడి పారబోయక్కర్లేదు. అవి నల్ల ఈగ జాతి పిల్లలు, తొక్కల్ని అందరికన్నా వేగంగా తినేస్తాయి, మనుషుల జోలికి రావు.

ఇక్కడి వాతావరణంలో రెండు కాలాల్లో బుట్టకు కష్టం. ఏప్రిల్, మే ఎండకు మిద్దె మీది డ్రమ్ము ఎండిపోయి పని ఆపేస్తుంది. నీడకు జరిపి పాత గోనెపట్టా తడిపి కప్పాలి. అక్టోబరు, నవంబరు తుఫాను ముసుర్లకు లోపల నీళ్లు నిలుస్తాయి, మూత తప్పదు.

వానపాముల తొట్టి పెట్టుకునే వాళ్లకు గుంటూరు భోజనం ఒక చిక్కు. ఆవకాయ గుజ్జు, గోంగూర పచ్చడి, పులుసుకూర మిగుళ్లలో ఉప్పు, కారం, నూనె ఎక్కువ. వానపాము చర్మంతో ఊపిరి పీలుస్తుంది, ఉప్పు దానికి చావే. పచ్చి తొక్కలు, అరటి తొక్కలు, టీపొడి, మెత్తబడ్డ ఆకుకూరలు వానపాములకు ఇచ్చి, వండిన కారపు మిగుళ్లను కొద్దికొద్దిగా మామూలు కంపోస్టు బుట్టలో లోపలికి పూడ్చి పెట్టడం తేలిక. అసలు కారపు కూర మిగలకుండా వండుకుంటే ఇంకా తేలిక.

తయారైన ఎరువు ఎక్కడికి? మిద్దె మీది కుండీలకు. దానికి దారి చూపే వాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. గుంటూరు శివారు లాంలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. గుంటూరులోనే కార్యాలయం ఉన్న రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని రాష్ట్రమంతా పరుస్తోంది. ఆ కార్యక్రమం 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరితో కలిసి పంచుకుంది. కొర్నెపాడులో రైతునేస్తం సంస్థ మిద్దెతోటల మీద శిక్షణలు నడిపింది, దాన్ని నిర్వహించే యడ్లపల్లి వెంకటేశ్వరరావుకు 2019లో పద్మశ్రీ వచ్చింది. వంటింటి ఎరువు సంచితో మిద్దె మీద పది కుండీల గోంగూర, తోటకూర, దొండ, బీర పండించుకునే ఇళ్లకు మార్గం చూపే వాళ్లు ఇంత దగ్గర్లో ఉండటం మేలే. దొండ పాదుకు పురుగు పడితే చల్లే అగ్నిఅస్త్రం కూడా సగం వంటింటి సరుకే: పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు, పొగాకు, ఆవు మూత్రం. తామర పురుగు దాడికి 2021–22లో మిరప తోటలు తుడిచిపెట్టుకుపోయిన సీమలో, మిర్చినే పురుగుమందుగా వాడే కుండీ ముందు నిలబడితే నవ్వొస్తుంది, కొంచెం బాధా కలుగుతుంది.

నీళ్లు

గుంటూరు పట్టణం తక్కెళ్లపాడు, సంగం జాగర్లమూడి వైపు నుంచి వచ్చే కృష్ణ నీళ్లు తాగుతుంది. పడమటి మెట్టలో కథ వేరు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతంలో. ఇప్పుడది ప్రకాశం. అక్కడి వాళ్లకు శుద్ధి నీళ్లు విలాసం కాదు. అయితే ఆర్వో యంత్రం ఒక బిందె మంచినీళ్లిచ్చి మరో బిందెనో ఇంకా ఎక్కువనో బయటికి తోస్తుంది. ఆ తోసిన నీళ్లలో ఫ్లోరైడూ ఉప్పూ ఇంకా చిక్కబడి ఉంటాయి. కాబట్టి వాటిని పశువులకు పెట్టకూడదు, కూరగాయల పాదులకు రోజూ పోయకూడదు. గచ్చు తుడవడానికి, అంట్ల మొదటి కడుగుకు, మరుగుదొడ్డికి పట్టిపెట్టుకోవాలి. యంత్రం లేకుండా పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. దాన్ని నల్గొండ పద్ధతి అంటారు. ఒక బకెట్టులో, కరెంటు లేకుండా చేసుకోవచ్చు. పటిక మోతాదు మాత్రం ఆ బోరు నీళ్లను పరీక్ష చేయించుకునే వేసుకోవాలి.

కృష్ణ నీళ్లొచ్చే పట్టణాల్లో అవసరం లేకపోయినా ఆర్వో పెట్టుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ పోతున్నది శుద్ధమైన వృథా.

అంట్ల విషయానికొస్తే, తోమే ముందు జిడ్డు గిన్నెను పాత కాగితంతో తుడిస్తే సబ్బూ నీళ్లూ ఆదా, సింకు గొట్టంలో కొవ్వు గడ్డకట్టదు. బజ్జీలు వేయించిన నూనెను మళ్లీమళ్లీ కాచడం కూడా పొదుపు కాదు. నూనెలో ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి దేశంలో నిబంధన. ఇంట్లో దాన్ని కొలిచే పరికరం ఉండదు, కాబట్టి నురగ, జిగట, ముదురు రంగు చూసి ఆపేయాలి. పిండేసిన చింతపండు పిప్పి ఇత్తడి చెంబును మెరిపిస్తుంది, ఎండిన బీరకాయ పీచు స్క్రబ్బరుగా నెలరోజులు వస్తుంది, చివరికి కంపోస్టులో కరుగుతుంది. ప్లాస్టిక్ స్క్రబ్బరు కరగదు, అరిగి నీళ్లలోకి పోతుంది.

సంచీ, డబ్బా, టిక్కీ

మిర్చి యార్డులో సరుకును కొలిచేది టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో. పత్తి, జనపనార సంచులకు ఈ సీమలో కరువు ఎప్పుడూ లేదు. అయినా రెండు తరాల్లోనే కూరగాయల బజారుకు చేతులూపుకుంటూ వెళ్లే అలవాటు వచ్చింది. క్యారీబ్యాగు మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు తప్పనిసరి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి నిషేధం. దాంతో పెళ్లిళ్లలో కాగితం గ్లాసు రాజ్యమేలుతోంది, దానికి లోపల సన్నని ప్లాస్టిక్ పూత ఉన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. అరటాకు, అడ్డాకు విస్తళ్లతో భోజనం పెడితే లెక్క సరళం. తిన్నాక అది గేదె మేతో, పెంట కుప్పో అవుతుంది.

పాల పాకెట్టును మొదట కత్తిరించే తీరు ముఖ్యం. మూల తెగి ఊడిపడకుండా చివర అంటుకునే ఉండేలా కోస్తే ఆ చిన్న ముక్క డ్రెయినేజీలోకి పోదు. కడిగి ఆరేసిన పాల కవర్లకు పాత సామాన్లు కొనేవాడి దగ్గర ధర ఉంది, మురికి కవరుకు లేదు. అతని తోపుడుబండి ఈ పట్టణాల్లో మునిసిపల్ బండికన్నా ముందు నుంచీ నడుస్తున్న పునర్వినియోగ వ్యవస్థ. ఏ నియమం పుట్టకముందే కాగితం, సీసా, రేకు, ఇనుము వేరుచేయడం ఇళ్లకు నేర్పింది అతనే.

ఇక్కడి వంటింట్లో ఏటా ఒకసారి జరిగే పెద్ద పని మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొత్త మిర్చి దిగే రోజుల్లో ఏడాదికి సరిపడా కాయలు కొంటారు. మిద్దె మీద రెండెండలు ఎండబెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని తొడిమలు తీసి, ఇంట్లో డబ్బాలు తీసుకుని మిల్లుకు వెళ్తారు. కారం ఆడించి, ఉప్పు కలిపి జాడీకెత్తి మూతకు తెల్లగుడ్డ కడతారు. ఏడాది పొడుగునా కొనే నూరు చిన్న ప్లాస్టిక్ పొట్లాలు ఆ ఒక్క జాడీతో తప్పిపోతాయి. తొడిమలు బుట్టలోకి పోతాయి. తుమ్ములు మాత్రం ఆ వీధంతా పంచుకోవాలి.